మూతపడిన మిల్లు, మిగిలియున్న పింఛను

(పౌర పాఠం: మలివయసులో పాత ఉద్యోగపు పింఛనును పొందే విధానం)

వాషర్‌మెన్‌పేట్ పేరులోనే ఒక వృత్తి ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఎగుమతి బట్టలను చలువచేసే చాకలివారి నివాసంగా ఏర్పడిన ఈ పేట, తరువాతి కాలంలో నేతవారికి, మిల్లు కార్మికులకు, బట్టల దుకాణాలలో పనిచేసేవారికి నెలవైనది. తెలుగునాడు నుంచి తరతరాలుగా వచ్చినవారు ఇక్కడ స్థిరపడి, పెరంబూరు మిల్లులలోను, రేవులోను, చిన్న కర్మాగారాలలోను జీవితకాలమంతా శ్రమించారు. ఆ సంస్థలలో అనేకం నేడు లేవు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు 1996లో మూతపడినవి. 1918లో దేశంలో తొలి వ్యవస్థీకృత కార్మిక సంఘంగా పేరొందిన మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినది ఆ మిల్లుల కార్మికుల మధ్యనే.

సంస్థ పోయినప్పుడు అందులో తాము దాచుకొన్న డబ్బు కూడా పోయినదని పెక్కుమంది భావిస్తారు. మరికొందరు, పీఎఫ్ డబ్బు ఒకసారి చేతికి వచ్చినది గనుక ఇక రావలసినదేమీ లేదని ఊరకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ అనేక సందర్భాలలో సరికావు. అరువది, డెబ్బది యేండ్ల వయసులో కూడా అడిగి తీసుకోదగిన నెలసరి పింఛను కొన్ని కుటుంబాలకు మిగిలియుండవచ్చును. దానిని ఎట్లు గుర్తించవలెనో, ఎట్లు కోరవలెనో తెలుపుటయే ఈ పాఠం ఉద్దేశం.

1. డబ్బు ఎవరి వద్ద ఉన్నది?

ఉద్యోగుల భవిష్యనిధి చట్టం 1952లో వచ్చినది. మొదట ఆరు పరిశ్రమలకు మాత్రమే అది వర్తించినది: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, వస్త్రాలు. అనగా బట్టల మిల్లు కార్మికులు ఈ చట్టం పరిధిలోకి వచ్చిన తొలి వరుసలోనివారు.

1971 మార్చి 1 నుంచి కుటుంబ పింఛను పథకం అమలులోకి వచ్చినది. కార్మికుని వాటానుంచి, యజమాని వాటానుంచి వేతనంలో 1.16 శాతం చొప్పున ఆ పథకానికి మళ్లించేవారు. కేంద్ర ప్రభుత్వం కూడా అంతే మొత్తాన్ని కలిపేది. ఇది ప్రధానంగా కార్మికుడు మరణిస్తే అతని కుటుంబానికి ఆధారం కల్పించే పథకం.

1995 నవంబరు 16 నుంచి దాని స్థానంలో ఉద్యోగుల పింఛను పథకం వచ్చినది. దీనిలో కార్మికుడు బ్రతికియుండగానే అతనికి నెలనెలా పింఛను లభిస్తుంది. యజమాని చెల్లించే వాటాలో, పరిమితికి లోబడిన వేతనంపై 8.33 శాతం ఈ పింఛను నిధికి వెళుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి. ఈ సొమ్ము మిల్లు ఖజానాలో ఉండదు. యజమాని జమచేసిన మొత్తం ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ వద్దకు చేరుతుంది. మిల్లు మూతపడినా, చేతులు మారినా, దాని స్థలంలో ఇళ్లు లేచినా, నిధిలో జమయిన మొత్తానికి సంబంధించిన హక్కు సభ్యునికి ఉంటుంది. ఈ పాఠంలో ‘కార్యాలయం’ అన్నచోటల్లా ఆ సంస్థ కార్యాలయమనే గ్రహించగలరు.

2. ఖాతాలు రెండు, దరఖాస్తులు రెండు

పీఎఫ్ వేరు, పింఛను వేరు. పీఎఫ్ అనునది కూడబెట్టిన మొత్తం. దానిని ఫారం 19 ద్వారా ఒకేసారి తీసుకొంటారు. పింఛను అనునది సర్వీసు ఆధారంగా నెలనెలా వచ్చేది. దానిని ఫారం 10-డి ద్వారా కోరవలెను. పింఛనుకు చాలినంత సర్వీసు లేనివారు తమ భాగాన్ని వెనుకకు తీసుకొనుటకును, సర్వీసు ఉండి వయసు నిండనివారు పథక ధృవపత్రాన్ని పొందుటకును ఫారం 10-సి ఉపయోగిస్తారు.

మిల్లు మూసివేత సమయంలో ఫారం 19పై సంతకం చేసి డబ్బు తీసుకొన్న కార్మికుడు తన పీఎఫ్ ఖాతాను మాత్రమే ముగించినాడు. ఫారం 10-సి ద్వారా పింఛను భాగాన్ని కూడా వెనుకకు తీసుకొనియుండకపోతే, ఆ రెండవ ఖాతా ఇంకను తెరచియే ఉన్నదని అర్థం. కనుక మొదట అడుగవలసిన ప్రశ్న, “మీకు డబ్బు వచ్చినదా?” అనునది కాదు, “ఏ ఫారంపై వచ్చినది?” అనునది.

గ్రాట్యుటీ ఈ రెండింటికీ సంబంధించినది కాదు. అది యజమాని తన సొంత బాధ్యతగా చెల్లించవలసిన మొత్తం. దానిని పొందినంత మాత్రాన పింఛను హక్కు తొలగిపోదు.

3. పది సంవత్సరాల లెక్క

నెలసరి పింఛనుకు కనీసం పది సంవత్సరాల అర్హమైన సర్వీసు ఉండవలెను. ఈ లెక్కలో మూడు సంగతులు తెలియకపోవుటవలన అర్హులు సైతం తమకు హక్కు లేదని అనుకొంటున్నారు.

మొదటిది: ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా పరిగణిస్తారు. తొమ్మిదిన్నర సంవత్సరాల సర్వీసు పది సంవత్సరాలతో సమానం.

రెండవది: 1971 పథకంలో సభ్యునిగా గడిపిన కాలం కూడా ఈ పదేండ్లలో చేరుతుంది. ఒక కార్మికుడు 1978లో మిల్లులో చేరి ఆనాటినుంచే కుటుంబ పింఛను పథకంలో సభ్యుడై, 1996 మధ్యలో పని కోల్పోయినాడని అనుకొందాం. కొత్త పథకంలో అతడున్నది కొద్ది నెలలే. అయినప్పటికీ 1995 నవంబరుకు ముందున్న పదిహేడేండ్లు గత సర్వీసుగా లెక్కకు వస్తాయి. కనుక అతడు పింఛనుకు అర్హుడే. అయితే 1971కి పూర్వమే పనిలో చేరినవారిలో కొందరు నాడు కుటుంబ పింఛను పథకాన్ని ఎంచుకొనలేదు. వారి విషయం రికార్డు చూచిన మీదటనే తేలుతుంది.

మూడవది: వేర్వేరు సంస్థలలో చేసిన సర్వీసును కలపవచ్చును. ఇది దేశమంతటికీ ఒకటే పథకం. నెల్లూరులో ఐదేండ్లు, చెన్నైలో ఆరేండ్లు పనిచేసినవారు, మధ్యలో పింఛను భాగాన్ని వెనుకకు తీసుకొనకుండా ఉంటే, పదకొండేండ్ల సర్వీసు కలవారౌతారు. వలసవచ్చిన కుటుంబాలకు ఇది మిక్కిలి ముఖ్యమైన నియమం. వెనుకకు తీసుకొన్న కాలం మాత్రం లెక్కకు రాదు.

4. పింఛను ఎంత, ఏ వయసునుంచి?

1995 నవంబరు తరువాతి సర్వీసుకు లెక్క సులభం. పింఛను లెక్కకు తీసుకొనే సగటు నెల వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి, 70తో భాగించవలెను. ఉదాహరణకు, సగటు వేతనం 6,500 రూపాయలు, సర్వీసు 14 సంవత్సరాలు అయినచో నెలకు 1,300 రూపాయలు వస్తుంది. ఈ వేతనానికి పరిమితి ఉన్నది: 2001 మే వరకు 5,000 రూపాయలు, 2001 జూన్ నుంచి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. 1995కు ముందున్న గత సర్వీసుకు వేరొక పట్టిక ప్రకారం కొంత మొత్తం చేరుతుంది.

పాత మిల్లు కార్మికుల వేతనాలు తక్కువ గనుక లెక్కకు వచ్చే పింఛనూ స్వల్పమే. అందువలననే 2014 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం కనీస పింఛనును నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించినది. ఇది సంవత్సరానికి 12,000 రూపాయలు. ఒక వృద్ధ దంపతుల మందుల ఖర్చుకు ఇది పూర్తిగా చాలకపోవచ్చును. కాని ఎవరినీ యాచించకుండా, తమ శ్రమకు ఫలితంగా, జీవితాంతం రాదగిన మొత్తమిది. సభ్యుని తరువాత జీవిత భాగస్వామికి కూడా ఇది ఆధారమౌతుంది.

పూర్తి పింఛను 58 సంవత్సరాలు నిండిన మరునాటినుంచి లభిస్తుంది. 50 నిండి, ఉద్యోగం మానినవారు ముందుగానే కోరవచ్చును. అప్పుడు 58కి తక్కువైన ప్రతి సంవత్సరానికి 4 శాతం చొప్పున మొత్తం తగ్గుతుంది. ఆ తగ్గింపు శాశ్వతమైనది గనుక, వేరే ఆదాయమున్నవారు తొందరపడరాదు.

58 దాటి చాలా ఏండ్లయినవారు ఆలస్యమైనదని వెనుకంజ వేయనవసరం లేదు. పింఛను మంజూరైనప్పుడు ఇచ్చే ఉత్తర్వులో ఏ తేదీనుంచి లెక్కించినారో, బకాయి ఎంత చూపినారో తప్పక చదివించుకొనవలెను. తేదీ సరిగా లేకపోతే వ్రాతపూర్వకంగా అడుగవలెను.

5. పాత నంబరును వెదకడం

ప్రతి సభ్యునికి ఒక ఖాతా నంబరు ఉండేది. మద్రాసు ప్రాంతపు నంబరు టి, ఎన్ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలై, తరువాత ఎం, ఏ, ఎస్ అనే అక్షరాలు, పిమ్మట సంస్థ కోడు, చివర కార్మికుని సొంత సంఖ్య అనే క్రమంలో ఉండేది. దీనిని ఈ కాగితాలలో వెదకవచ్చును:

• పాత జీతపు చీటీలు
• ప్రతి యేటా ఇచ్చిన పీఎఫ్ లెక్కల చీటీ
• మిల్లు గుర్తింపు కార్డు, సర్వీసు ధృవపత్రం
• మూసివేత సమయంలో ఇచ్చిన పరిష్కార పత్రం
• పీఎఫ్ డబ్బు జమయిన నాటి బ్యాంకు పాసుపుస్తకం

ఇవేవీ లేకపోతే, అదే సంస్థలో పనిచేసిన తోటివారి చీటీ ఉపకరిస్తుంది. సంస్థ కోడు అందరికీ ఒకటే. చివరి సంఖ్య మాత్రమే మారుతుంది. భవిష్యనిధి సంస్థ వెబ్‌సైటులో సంస్థ పేరుతో కోడును వెదికే వీలు కూడా ఉన్నది.

యూఏఎన్ అనే పన్నెండంకెల నంబరు 2014లో వచ్చినది. అంతకు ముందే పని మానినవారికి అది లేకపోవుట సహజం. అది లేదని ఎవరైనా నిరుత్సాహపరచినచో, పాత ఖాతా నంబరుతో కాగితపు దరఖాస్తు ఇవ్వదలచినామని తెలుపవలెను.

6. ఇంటిపేరు చిక్కు

తెలుగువారికి ఈ నగరంలో ప్రత్యేకంగా ఎదురయ్యే ఆటంకం పేరుకు సంబంధించినది. మన ఆచారంలో పేరుకు ముందుండే అక్షరం ఇంటిపేరును సూచిస్తుంది. తమిళనాట అది తండ్రి పేరును సూచిస్తుంది. ఒకే మనిషి మిల్లు పుస్తకంలో ఇంటిపేరు అక్షరంతోను, రేషను కార్డులో తండ్రి పేరు అక్షరంతోను, ఆధార్‌లో అక్షరమే లేకుండాను ఉండుట సాధారణం. స్త్రీల విషయంలో పెండ్లికి ముందు తండ్రి అక్షరం, తరువాత భర్త అక్షరం చేరుటతో చిక్కు మరింత పెరుగుతుంది.

దీనికి తోడు, తమిళ లిపిలో క-గ, ప-బ వంటి ధ్వనులకు ఒకే అక్షరం ఉండుటవలన వెంకటయ్య వెంగటయ్యగాను, బాలయ్య పాలయ్యగాను నమోదైన సందర్భాలు ఉంటాయి. అధికారి దృష్టిలో ఇవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు. పుట్టిన తేదీ కూడా నాడు అంచనాగా వ్రాసినదే కావచ్చును.

ఇందుకు ఉమ్మడి ప్రకటన అనే విధానం ఉన్నది. పాత రికార్డులోని పేరు, ఇప్పటి పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన వ్రాసి, తగిన ఆధారాలు జతచేసి సవరణ కోరవలెను. ఆధార్, పాఠశాల ధృవపత్రం, జనన ధృవపత్రం వంటివి ఆధారాలుగా పనికివస్తాయి. ఈ పనిని పింఛను దరఖాస్తుకు ముందే పూర్తిచేయుట మేలు; పేరు తేడాతో వెళ్లిన దరఖాస్తు తిరిగివచ్చే అవకాశమెక్కువ.

7. సంతకం పెట్టే యజమాని లేనప్పుడు

దరఖాస్తుపై సాధారణంగా యజమాని ధృవీకరణ ఉండవలెను. సంస్థ మూతపడి, సంతకం చేసేవారు లేనప్పుడు ఇతర అధికారుల ధృవీకరణను స్వీకరించే ఏర్పాటు ఉన్నది. మీ ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు, గెజిటెడ్ అధికారి, మేజిస్ట్రేటు, పోస్టుమాస్టరు వంటివారు ఈ కోవకు చెందుతారు. మీ దరఖాస్తుకు ఎవరి సంతకం చెల్లునో కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకొనవలెను. సంస్థ మూతపడినదని దరఖాస్తుతోపాటు ఒక లేఖలో స్పష్టంగా వ్రాయవలెను.

ఫారం 10-డితో సాధారణంగా జతచేయవలసినవి: భార్యాభర్తల జంట ఫోటోలు, ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట లేదా రద్దుచేసిన చెక్కు, వయసు ఆధారం, పథక ధృవపత్రం ఉంటే దాని మూలప్రతి. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకొని, అందినట్లు రశీదు తీసుకొనవలెను.

నగరంలో రాయపేట హైరోడ్డులో భవిష్యనిధి కార్యాలయమున్నది. వాషర్‌మెన్‌పేట్‌నుంచి మెట్రోలో ఎల్ఐసీ స్టేషనులో దిగి, అక్కడినుంచి ఆటోలో చేరవచ్చును. మీ పాత సంస్థ ఏ ప్రాంతీయ కార్యాలయం క్రిందికి వస్తుందో బయలుదేరుటకు ముందు 14470 అనే ఉచిత సహాయ నంబరుకు ఫోను చేసి తెలుసుకొన్నచో వృథా ప్రయాణం తప్పుతుంది. ప్రతి నెలా 27వ తేదీన ‘నిధి ఆప్కే నికట్’ పేరిట జిల్లాలలో సహాయ శిబిరాలు జరుగుతాయి.

8. సభ్యుడు మరణించియున్నచో

పింఛను పొందుతున్న సభ్యుడు మరణిస్తే, భార్యకు లేదా భర్తకు ఆ పింఛనులో సగం లభిస్తుంది. కనీస మొత్తం ఇక్కడ కూడా 1,000 రూపాయలే. ఇరువదియైదేండ్లలోపు పిల్లలకు, ఒకేసారి ఇద్దరికి మించకుండా, పిల్లల పింఛను కూడా ఉన్నది. పింఛనుకు చాలినంత సర్వీసు చేసి, దానిని కోరకుండానే సభ్యుడు మరణించిన సందర్భాలలో సైతం జీవిత భాగస్వామి ఫారం 10-డి ద్వారానే దరఖాస్తు చేయవచ్చును. తీసుకొనని పీఎఫ్ మొత్తం ఉంటే ఫారం 20 ద్వారా నామినీ కోరవలెను.

మరణ ధృవపత్రం తప్పనిసరి. మరణం చెన్నైలో నమోదైనచో మహానగర కార్పొరేషనునుంచి పొందవచ్చును. స్వగ్రామంలో సంభవించినచో అక్కడి పంచాయతీ లేదా పురపాలక సంఘంనుంచి తెచ్చుకొనవలెను. నామినీ పేరు రికార్డులో లేకపోతే వారసత్వ ధృవపత్రం అవసరం కావచ్చును. దానికి ఈ-సేవై కేంద్రం ద్వారా తహసీల్దారుకు దరఖాస్తు చేయవలెను. ఈ కాగితాలలో కూడా ఇంటిపేరు చిక్కు రాకుండా, మిల్లు రికార్డులో ఉన్న పేరును చూచుకొని వ్రాయించుట మంచిది.

9. మంజూరైన తరువాత

పింఛను ఒకసారి మొదలైతే ప్రతి సంవత్సరం జీవన ధృవపత్రం ఇవ్వవలెను. ఉద్యోగుల పింఛను పథకంలో దీనికి నవంబరు నెలయే కావలెనన్న నియమం ఇప్పుడు లేదు. ఇచ్చిన తేదీనుంచి ఒక సంవత్సరం చెల్లుతుంది. వ్రేలిముద్రతో లేదా ముఖ గుర్తింపుతో డిజిటల్ పద్ధతిలో ఇవ్వవచ్చును. బట్టలు ఉతికి, మగ్గం నేసి వ్రేలిరేఖలు అరిగిపోయిన పెద్దలకు ముఖ గుర్తింపు సౌకర్యం ఉపకరిస్తుంది. ధృవపత్రం ఆగితే పింఛను ఆగుతుంది. మరల ఇచ్చినచో కొనసాగుతుంది.

2025 జనవరి 1 నుంచి దేశంలోని ఏ బ్యాంకు శాఖనుంచి అయినా ఈ పింఛనును పొందే కేంద్రీకృత విధానం అమలులోకి వచ్చినది. మలివయసులో పిల్లల వద్దకు నెల్లూరుకో హైదరాబాదుకో మారేవారు పింఛను రికార్డును మరొక ప్రాంతానికి బదిలీ చేయించుకొనే శ్రమ దీనితో తప్పినది.

10. బీమా సంస్థల పాత పింఛను పాలసీలు

చిన్న వ్యాపారులు, దుకాణదారులు 1990ల దశాబ్దంలో ఎల్ఐసీ జీవన్ సురక్ష వంటి పింఛను పాలసీలను తీసుకొనియుండవచ్చును. వీటికి భవిష్యనిధితో సంబంధం లేదు. పాలసీ పత్రంపై ఉన్న శాఖలో గాని, ఏ సమీప శాఖలో గాని, పాలసీ నంబరు, పుట్టిన తేదీ చూపి విచారించవలెను. ఎల్ఐసీ వెబ్‌సైటులో అడుగని మొత్తాలను వెదికే వీలున్నది. పది సంవత్సరాలకు మించి ఎవరూ అడుగని బీమా మొత్తాలు వృద్ధుల సంక్షేమ నిధికి బదిలీ అవుతాయి. అట్లు వెళ్లినా, బదిలీ అయిన నాటినుంచి ఇరువదియైదు సంవత్సరాలవరకు హక్కుదారు కోరవచ్చును.

11. మధ్యవర్తులు, జాప్యం

పింఛను దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము లేదు. బకాయిలో భాగమిమ్మని కోరేవారికి సంతకం చేసిన చెక్కులను గాని, ఏటీఎం కార్డును గాని, ఫోనుకు వచ్చే ఓటీపీని గాని ఇవ్వరాదు. చదువరాని పెద్దలు ఇంటివారిని వెంట తీసుకొని వెళ్లుట క్షేమం.

అన్ని కాగితాలు సక్రమంగా ఉన్న దరఖాస్తును 20 రోజులలో పరిష్కరించవలెనని నియమం. ఆలస్యమైనచో రశీదు సంఖ్యతో భవిష్యనిధి సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయవచ్చును. “రికార్డు దొరకలేదు” అను జవాబు నోటిమాటగా వచ్చినచో, దానిని వ్రాతపూర్వకంగా కోరవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో మీ ఖాతా వివరాలను అడుగవచ్చును; ముప్పది రోజులలో సమాధానమివ్వవలెను.

అభ్యాసం

క్రింది మూడు సందర్భాలను మీ ఇంటివారితో కలిసి చర్చించండి.

ప్రశ్న 1: ఒకరు రెండు కంపెనీలలో వరుసగా 6 సంవత్సరాలు, 3 సంవత్సరాల 8 నెలలు పనిచేసినారు. పింఛను భాగాన్ని వెనుకకు తీసుకొనలేదు. అర్హులా?
జవాబు: మొత్తం 9 సంవత్సరాల 8 నెలలు. ఇది పది సంవత్సరాలుగా లెక్కకు వస్తుంది. 58 నిండియున్నచో ఫారం 10-డి ఇవ్వవచ్చును.

ప్రశ్న 2: ఒకరు 1980 నుంచి కుటుంబ పింఛను పథకంలో ఉండి 1996లో పని కోల్పోయినారు, ఫారం 19పై పీఎఫ్ తీసుకొన్నారు. ఇంకేమైనా మిగిలినదా?
జవాబు: పింఛను భాగం విడిగా ఉన్నది. గత సర్వీసుతో కలిపి పదేండ్లు దాటినవి. ఫారం 10-సిపై ఆ భాగాన్ని తీసుకొనకుండినచో పింఛను కోరవలెను.

ప్రశ్న 3: మిల్లు కార్మికుని భార్య వద్ద భర్త పాత గుర్తింపు కార్డు, మరణ ధృవపత్రం ఉన్నాయి. రెంటిలోను ఇనీషియలు వేరు. మొదట ఏమి చేయవలెను?
జవాబు: కార్డునుంచి ఖాతా నంబరును గాని, సంస్థ పేరును గాని గుర్తించి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చూపే ఆధారాలు సేకరించి, సవరణ విధానాన్ని కార్యాలయంలో అడిగి, అటుపిమ్మట ఫారం 10-డి ఇవ్వవలెను.

ఇంటి అటుకమీది ఇనుపపెట్టెలో పాత జీతపు చీటీలు ఉన్నచో వాటిని చెత్తగా భావించి పారవేయరాదు. వాటిలోని ఒక్క నంబరే ఈ దరఖాస్తుకు మొదటి ఆధారం కావచ్చును.